పాతదే... కానీ విప్పొచ్చు!

తాండూరు రైల్వేస్టేషన్‌లో పొద్దున పూట సికింద్రాబాద్ బండి కోసం నిలబడ్డవాళ్ల చేతుల్లోని సంచుల్ని చూస్తే, ఎవరు దేనికి పోతున్నారో ఇట్టే చెప్పేయొచ్చు. ఎక్స్‌రే కవరు పట్టుకున్నవాళ్లు ఆస్పత్రికి. మడతపెట్టిన ఖాళీ సంచులున్నవాళ్లు పెళ్లిబట్టలకు. వాళ్ల మధ్యలో ఒక తండ్రీ, కొడుకూ. కొడుకు భుజాన ఖాళీ బ్యాగు. తండ్రి లోపలి జేబులో కందులు అమ్మిన డబ్బు. ఇద్దరూ పోతున్నది లాప్‌టాప్ కోసం. అదీ కొత్తది కాదు... పదేళ్లు దాటిన పాతది!

వాళ్లది యాలాల్ కావచ్చు, ఆ మండలంలోని ఏ ఊరైనా కావచ్చు. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న చాలా ఇళ్ల నుంచి ఇలాంటి ప్రయాణమే ఒకటి మొదలవుతుంది.

యాలాల్ తాండూరుకు పక్క మండలం. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడేదాకా రంగారెడ్డి జిల్లాలో ఉండేది. అటు కాగ్నా నది, ఇటు కంది చేలు. తాండూరు కందిపప్పు రుచి తెలియనివాళ్లు తక్కువ. 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రెండో సంపద నాపరాయి. నేల తవ్వితే పొరలు పొరలుగా బండ వస్తుంది. దాన్ని కోసి, నున్నగా చేసి లారీలకెత్తుతారు. ఆ బండ మీద నడవని ఇల్లు తెలుగునాట ఎన్నుంటాయి?

అయితే బండతోపాటు వచ్చేది ఇంకొకటుంది. దుమ్ము! పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, లారీలు తిరిగే రోడ్లు... తెల్లటి పొడి గుమ్మం దాటి లోపలికి వస్తుంది. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఈ దుమ్ముకు ఎండ తోడైతే, పలుచగా, ముద్దుగా ఉండే కొత్త లాప్‌టాప్‌ల ఊపిరి ఆడదు. గాలి పోయే సన్నటి సందులు మూసుకుపోతాయి. విప్పి శుభ్రం చేద్దామంటే చాలావాటిని జిగురుతో, క్లిప్పులతో బిగించేసి ఉంటారు. ర్యామ్ కూడా బోర్డుకే సోల్డరింగ్ చేసేస్తున్నారు. ఒకటి పోతే మొత్తం పోయినట్టే.

అందుకే మన తండ్రీకొడుకులు పాతదాని కోసం బయలుదేరారు. ఏదో ఒక పాతది కాదు. 'వర్క్‌స్టేషన్' అనే జాతి ఒకటుంది. దాని కోసం.

ఇంజినీర్లు, భవనాల నక్షాలు గీసేవాళ్లు, సినిమా ఎడిటర్లు రోజంతా నడిపేందుకు చేసిన లాప్‌టాప్‌లు ఇవి. మామూలు లాప్‌టాప్‌తో పోలిస్తే ప్రాసెసర్ బలమైనది. బొమ్మలు గీయడానికి ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. ర్యామ్‌కు రెండు కాదు, చాలావాటిలో నాలుగు స్లాట్లు. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ వంటి సాఫ్ట్‌వేర్లు వీటిమీద సరిగ్గా నడుస్తున్నాయో లేదో పరీక్షించి మరీ ధ్రువీకరిస్తారు. కొత్తగా ఉన్నప్పుడు లక్ష రూపాయలు దాటి పలికిన యంత్రాలివి. ఇప్పుడు అందులో చిన్న వంతుకే దొరుకుతాయి. సివిల్ ఇంజినీరింగ్ చదివే పిల్లాడికి కావలసింది సరిగ్గా ఇదే. కాకపోతే ఏది కొనాలో, ఏది కొనకూడదో తెలియాలి. తెలియకపోతే ఒక పంట డబ్బు ఒక్క పూటలో పోతుంది.

రైలు కదిలింది. రుక్మాపూర్, ధారూర్ దాటి వికారాబాద్. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా ఈ దారి నిజాం కాలంలో 1874లో పడింది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల పచ్చదనం కనిపించి మాయమవుతుంది. మూసీ పుట్టింది ఆ కొండల్లోనే. అది తూర్పుదారి పట్టి కృష్ణలో కలుస్తుంది. యాలాల్ వాళ్ల కాగ్నా పడమటికి పోయి, కర్ణాటకలో భీమాలో కలిసి, అదీ చివరికి కృష్ణకే చేరుతుంది. శంకర్‌పల్లి, లింగంపల్లి వచ్చేసరికి పొలాలు పోయి అపార్టుమెంట్లు మొదలవుతాయి. కిటికీలోంచి దూరంగా కనిపించే ఆ అద్దాల భవనాల్లోనే, కొడుకు కొనబోయే లాప్‌టాప్ తొలి జీవితం గడిచి ఉండొచ్చు.

పార్క్‌లేన్‌లో రెండో పుట్టుక

సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఓ ఇరానీ చాయ్ తాగి, ప్యాట్నీ సెంటర్ దాటితే పార్క్‌లేన్. మెట్రోలో వచ్చేవాళ్లయితే ప్యారడైజ్ స్టేషన్‌లో దిగాలి. చినాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తి పేరు చెబితే ఆటోవాలా ఒక్క క్షణం ఆలోచిస్తాడేమో కానీ, 'సీటీసీ' అంటే చాలు. జంటనగరాల్లో కంప్యూటర్ సామాన్లకు పెట్టింది పేరు. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, బెంగళూరుకు ఎస్పీ రోడ్ ఎలాగో సికింద్రాబాద్‌కు ఇది అలా. లోపలికి అడుగుపెడితే దుకాణం పక్కన దుకాణం. గాజుపలక వెనుక కీబోర్డులు, గోడకు వేలాడే చార్జర్లు, మూలన అట్టపెట్టెల గుట్ట. తెలుగు, హిందీ, ఇంగ్లిషు కలగలిసిన బేరాలు. తాండూరు వైపువాళ్లకు ఉర్దూ కొత్తేమీ కాదు కాబట్టి తండ్రికి ఇక్కడ బెరుకు లేదు.

ఇన్ని పాత లాప్‌టాప్‌లు ఎక్కడి నుంచి వస్తాయి? పెద్ద కంపెనీలు ఉద్యోగులకిచ్చే లాప్‌టాప్‌లను చాలావరకు మూడు నాలుగేళ్ల లీజుకు తీసుకుంటాయి. గడువు తీరగానే బాగున్నా, బాగాలేకపోయినా తిరిగిచ్చేసి కొత్తవి తెచ్చుకుంటాయి. తిరిగొచ్చిన సరుకును వ్యాపారులు వందల లెక్కన లాటుగా కొంటారు. తుడిచి, లోపలి సమాచారం చెరిపేసి, గీతలను బట్టి 'ఏ గ్రేడ్', 'బీ గ్రేడ్' అని విడదీస్తారు. గుర్తుంచుకోవలసింది ఒక్కటే. ఈ గ్రేడు పైపెంకుకే తప్ప లోపలి ఆరోగ్యానికి కాదు. మూత మీద నాలుగు గీతలున్న 'బీ గ్రేడ్' లోపల నిక్షేపంగా ఉండొచ్చు. అద్దంలా మెరిసే 'ఏ గ్రేడ్' ఫ్యాను మూలుగుతూ ఉండొచ్చు.

దుకాణదారు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ధన్‌మని చప్పుడైంది. తండ్రి ఒక చేత్తో ఎత్తబోయి, రెండో చెయ్యి కూడా వేశాడు.

"గింత బరువేందిరా? బండ కోసే మిషన్ లెక్కుంది!"

"బరువు చూసి భయపడకు కాకా. లోపల సామాన్ ఉంది గనుకే బరువు" అన్నాడు దుకాణదారు.

అబద్ధమేమీ కాదు. ఆ బరువులో సగం సంగతి ఉంది.

ముగ్గురన్నదమ్ములు

ఈ తరం వర్క్‌స్టేషన్లలో ఎక్కువగా వినిపించే పేర్లు మూడు. 2011లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ డబ్ల్యూ520, 2012 నాటి హెచ్‌పీ ఎలైట్‌బుక్ 8570డబ్ల్యూ, 2013లో వచ్చిన డెల్ ప్రెసిషన్ ఎం4800. ముగ్గురూ పదిహేను అంగుళాల తెరవాళ్లే. ముగ్గురిలోనూ ఇంటెల్ నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉన్నవి దొరుకుతాయి. ముగ్గురూ 32 జీబీ ర్యామ్ దాకా మోయగలరు. బరువు రెండున్నర నుంచి మూడు కిలోల మధ్య. చార్జర్ సంగతి వేరే చెప్పాలి. 150 నుంచి 180 వాట్లది. చిన్న ఇటుకంత ఉంటుంది.

థింక్‌ప్యాడ్‌కు పెద్ద చరిత్రే ఉంది. 1992లో ఐబీఎం మొదలుపెట్టింది. జపాన్‌వాళ్ల అన్నం డబ్బాను చూసి ఆ నల్లటి పెట్టె రూపం గీశారంటారు. 1993 డిసెంబరులో హబుల్ టెలిస్కోపు మరమ్మతుకు వెళ్లిన ఎండీవర్ నౌకలో థింక్‌ప్యాడ్ కూడా ప్రయాణించింది. 2005లో ఐబీఎం కంప్యూటర్ వ్యాపారం చైనా కంపెనీ లెనోవో చేతికి వెళ్లినా పేరు అలాగే నిలిచింది. డబ్ల్యూ520 కీబోర్డు మీద ఒక్కసారి టైపు చేసినవాళ్లు మళ్లీ మరోదాన్ని మెచ్చుకోరు. ఏడు వరసల పాతకాలపు మీటలు. నీళ్లు ఒలికితే కిందికి జారిపోయేందుకు కాలువలు కూడా ఉన్నాయి. తర్వాతి ఏడాది వచ్చిన డబ్ల్యూ530లో ఆ కీబోర్డును మార్చేశారు. అభిమానులు ఇప్పటికీ దాని గురించి కోపంగానే మాట్లాడతారు!

కానీ యాలాల్ దుమ్ముకు కావలసింది కీబోర్డు కాదు కదా. ఫ్యాను దగ్గరికి ఎంత తేలిగ్గా చేరుకోవచ్చన్నది ముఖ్యం. ఇక్కడ థింక్‌ప్యాడ్ వెనకబడుతుంది. దాని ఫ్యాను తియ్యాలంటే కీబోర్డు, చేతులు ఆన్చే పలక... అన్నీ విప్పుకుంటూ పోవాలి. నాలుగు ర్యామ్ స్లాట్లలో రెండు అడుగున, రెండు కీబోర్డు కింద.

హెచ్‌పీ వాళ్లు ఈ విషయంలో ఘనులు. 8570డబ్ల్యూ అడుగున ఒక మీట జరిపితే చాలు, స్క్రూడ్రైవర్ అవసరమే లేకుండా మూత జారి ఊడి వస్తుంది. డెల్ ఎం4800కైతే బ్యాటరీ తీసి, రెండు స్క్రూలు విప్పాలి. మూత వచ్చేస్తుంది. ఫ్యాను, కొన్ని ర్యామ్ స్లాట్లు, హార్డ్‌డిస్కు కళ్లెదుటే. పైగా ఈ రెండింట్లో గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటుంది. ఎంఎక్స్‌ఎం అనే పద్ధతిలో చిన్న పలకలా బిగించి ఉంటుంది. పాడైతే దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు. డబ్ల్యూ520లో అది బోర్డుకే అతికించి ఉంది. పోతే బోర్డంతా పోయినట్టే.

మూడింటిలోనూ ప్రాసెసర్ మాత్రం సాకెట్‌లో కూర్చుని ఉంటుంది. బల్బు మార్చినట్టు కాకపోయినా, నిదానంగా చేస్తే మార్చుకోవచ్చు. ఈ సౌకర్యం ఇదే చివరి తరం. 2015లో వచ్చిన థింక్‌ప్యాడ్ పీ50 నాటికి ప్రాసెసర్లు బోర్డుకే అతుక్కుపోయాయి. కొత్తవి వేగంలో మెరుగే. అందులో అనుమానం లేదు. కానీ విప్పుకోవడంలో 2011-2013 నాటివాటికి సాటి రావు. పది కిలోమీటర్ల దూరంలో సర్వీస్ సెంటర్ ఉన్నవాళ్లకు ఈ తేడా పెద్దది కాకపోవచ్చు. రిపేరు అంటే ఒక రోజంతా రైలు ప్రయాణం అయినవాళ్లకు మాత్రం అదే అసలు తేడా.

గట్టితనం మాటకొస్తే, హెచ్‌పీ వర్క్‌స్టేషన్ లాప్‌టాప్‌లు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా వెళ్లాయి. అక్కడికి పంపిన జెడ్‌బుక్‌లు ఈ 8570డబ్ల్యూ తర్వాత వచ్చినవే. అంతరిక్షంలో సర్వీస్ సెంటర్ ఉండదు. ఆ విషయంలో యాలాల్ కాస్త నయం.

హీట్‌గన్ మాయ

సీటీసీలో మంచివాళ్లు బోలెడుమంది. ఏళ్ల తరబడి ఒకే దుకాణానికి వెళ్లే ఖాతాదారులున్నారు. అయినా ఏ పాత సామాను బజారులోనైనా నాలుగు కళ్లతో చూడాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద మోసం కంటికి కనిపించదు. గ్రాఫిక్స్ చిప్‌ది. దీని వెనుక ఒక కథ ఉంది. 2006లో యూరప్ నిబంధనల వల్ల ఎలక్ట్రానిక్ సామాన్ల సోల్డర్‌లోంచి సీసాన్ని తీసేయాల్సి వచ్చింది. కొత్త సోల్డర్లకు పరిశ్రమ అలవాటుపడుతున్న రోజులవి. అదే కాలంలో ఎన్విడియా చేసిన కొన్ని లాప్‌టాప్ చిప్‌లలో, సిలికాన్ ముక్కకూ దాని పీఠానికీ మధ్య ఉండే అతి సన్నటి బొడిపెలు బలహీనంగా వచ్చాయి. వేడెక్కడం, చల్లారడం... మళ్లీ వేడెక్కడం. కొన్నాళ్లకు అవి చిట్లిపోయాయి. తెర మీద గీతలు, ఆ తర్వాత చీకటి. 2008 జులైలో ఎన్విడియా తప్పు ఒప్పుకుని, మరమ్మతుల ఖర్చు కోసం 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. అప్పటి థింక్‌ప్యాడ్ టీ61పీ వంటి మంచి మంచి వర్క్‌స్టేషన్లు ఆ జబ్బుకే బలయ్యాయి. అందుకే 2009కి ముందువాటి జోలికి పోకపోవడమే మంచిది.

చిట్లిన చిప్‌ను హీట్‌గన్‌తో వేడి చేస్తే విచిత్రంగా మళ్లీ బతుకుతుంది. వేడికి విరిగిన అతుకులు తాత్కాలికంగా తాకుతాయి. కొందరు చిప్‌ను ఊడదీసి అడుగున కొత్త సోల్డర్ గుండ్లు పెట్టి అతికిస్తారు. 'రీబాలింగ్' అంటారు దాన్ని. పగులు చిప్ అడుగున ఉంటే ఫలితం ఉంటుంది. చిప్ లోపలే ఉంటే గుండ్లు మార్చి లాభం ఏముంది? నాలుగు వారాలో, నాలుగు నెలలో పనిచేసి మళ్లీ మూలపడుతుంది. ఈలోగా అమ్ముకోవడానికి ఆ నాలుగు వారాలు చాలు!

కనిపెట్టే దారి ఓపిక ఒక్కటే. అయిదు నిమిషాలు చూసి డబ్బులివ్వకూడదు. భారీ త్రీడీ బొమ్మ ఒకటి తెర మీద తిప్పుతూ అరగంట వదిలేయాలి. ఆ పని చేసే ఉచిత ప్రోగ్రాములు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లొచ్చు. కింద చాయ్ తాగి వచ్చేసరికి తెర మీద చుక్కలు, గీతలు లేకుండా ఉండాలి. ఫ్యాను గట్టిగా తిరుగుతుంటే పర్వాలేదు. టకటకమని చప్పుడొస్తే మాత్రం బేరింగు అరిగినట్టే. అరగంట నడపనివ్వని దుకాణంలో కొనకపోతే పోయేదేమీ లేదు, పక్కన ఇంకో దుకాణం ఉంది.

రెండోది తాళం. కంపెనీల లాప్‌టాప్‌లకు లోపల బయోస్ పాస్‌వర్డ్ పెట్టి ఉండొచ్చు. విండోస్ మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి కొన్న రోజు తెలియదు. ఆర్నెల్ల తర్వాత విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఆన్ చేయగానే థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1, డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10 నొక్కి లోపలికి వెళ్లి చూడాలి. పాస్‌వర్డ్ అడిగితే పక్కన పెట్టేయడమే. థింక్‌ప్యాడ్‌లో ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే బోర్డు మార్చడమే కంపెనీ చెప్పే మందు. దొంగతనం జరిగితే వెతికిపట్టుకునే ఏర్పాటు కూడా వీటిలో కొన్నింటికి ఉంటుంది. అది ఇంకా పనిచేస్తోందేమో కూడా అక్కడే చూడొచ్చు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం మరవకూడదు.

మూడోది చార్జర్. డెల్ వాటిలో ఇది గమ్మత్తు. ప్లగ్గు మధ్యలో సన్నటి సూది ఉంటుంది. "నేను ఇన్ని వాట్ల అసలు చార్జర్‌ని" అని అది లాప్‌టాప్‌కు చెబుతుంది. ఆ సూది వంగినా, చార్జర్ నకిలీదైనా లాప్‌టాప్ నడుస్తుంది కానీ వేగం తగ్గించేసుకుంటుంది. బ్యాటరీ ఎక్కదు. "పాతది కదా, అందుకే నిదానం" అని సర్దిపెట్టుకునే ఇళ్లలో కొన్నింటికి అసలు జబ్బు ఆ సూదే.

బ్యాటరీ మీద ఆశలు పెట్టుకోనక్కర్లేదు. పదేళ్ల బ్యాటరీ పదేళ్ల బ్యాటరీయే. ఎంత మిగిలిందో విండోస్‌లోని బ్యాటరీ రిపోర్టు చెప్పేస్తుంది. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండగలిగేది పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ మూడింటిలోనూ బ్యాటరీ బయటి నుంచే ఊడి వస్తుంది కాబట్టి కొత్తది వేసుకోవడం నిమిషం పని. ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం బేరాలొద్దు. దాన్ని ఇంటికి తేకూడదు, చెత్తలోనూ వేయకూడదు.

కొడుకు ఎం4800 దగ్గర ఆగాడు. మూత మీద గీతలున్నాయి. 'బీ గ్రేడ్'. అరగంట తిప్పి చూశాడు. అడుగున ఏడక్షరాల సర్వీస్ ట్యాగ్‌ను ఫోన్లో డెల్ సైట్‌లో కొట్టి, అది ఎప్పుడు ఫ్యాక్టరీ దాటిందో, అప్పుడు లోపల ఏమేం ఉన్నాయో చూసుకున్నాడు. హార్డ్‌డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయమన్నాడు. పాత యంత్రానికి డబ్బు పెట్టదగ్గ మార్పు ఏదైనా ఉందంటే ఇదే. అయిదు నిమిషాలకు తెరుచుకునేది అర నిమిషంలోపే తెరుచుకుంటుంది. బేరం చివర్లో తండ్రి అందుకున్నాడు. కందుల ధర దగ్గర మార్కెట్ యార్డులో ఆడలేకపోయిన బేరమంతా ఇక్కడ ఆడాడు. ఓ మౌసు, బ్యాగు కలిసొచ్చాయి.

కిటికీ మూసుకుంటే...

సాయంత్రం రైల్లో బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కుర్రాడికి ఒక చిక్కు మాత్రం వదల్లేదు. విండోస్.

మైక్రోసాఫ్ట్ 2021 అక్టోబరులో విండోస్ 11 తెచ్చినప్పుడు ఒక గీత గీసింది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ పైన ప్రాసెసర్లకే. ఎం4800లో ఉన్నది నాలుగో తరం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవాళ్లకు ఇంకో ఏడాది పొడిగింపు ఇచ్చారు, అంతే. లోపల ఇనుములా ఉన్న యంత్రం కాగితం మీద ముసలిదైపోయింది. గ్రాఫిక్స్ కార్డుదీ అదే కథ. ఆ తరం క్వాడ్రో కార్డులకు ఎన్విడియా కొత్త డ్రైవర్లు ఇవ్వడం మానేసింది. ప్రపంచమంతటా లక్షల కొద్దీ లాప్‌టాప్‌లు ఇలా చెడిపోకుండానే చెత్తకు చేరే పరిస్థితి.

ఆ గీతకు ఇవతల నిలబడాలంటే 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ పీ52, డెల్ 7530, హెచ్‌పీ జెడ్‌బుక్ 15 జీ5 కొనాలి. డబ్బు కుదిరితే అవే మేలు. నిజం చెప్పుకోవాలి కదా! కుదరనివాళ్లకు రెండు కాళ్ల మీద నడిచే పద్ధతి ఒకటుంది. ఒకే డిస్కులో రెండు గదులు. ఒక గదిలో విండోస్ 10... ఆటోక్యాడ్, స్టాడ్‌ప్రో వంటి కాలేజీ పనులకు, వీలైనంతవరకు ఇంటర్నెట్ లేకుండా. ఆటోడెస్క్ తన సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థులకు ఉచితంగానే ఇస్తుంది కాబట్టి దొంగ కాపీల అవసరం లేదు. రెండో గదిలో లినక్స్... బ్రౌజింగ్, బ్యాంకు పనులు, ఫీజులు అన్నీ అందులో. లినక్స్ ఉచితం, పాత యంత్రాలను వెళ్లగొట్టదు, తెలుగులోనూ దొరుకుతుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' ఉద్యమం దాన్ని తెలుగులోకి తేవడానికి రెండు దశాబ్దాల కిందటే నడుం కట్టింది.

మరమ్మతు హక్కు అన్న మాట మన దేశంలోనూ వినిపిస్తోంది. కేంద్రం 2022 డిసెంబరులో దాని కోసం ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీలు మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు జనానికి అందుబాటులో పెట్టాలన్నది దాని ఉద్దేశం. ఈ పాత వర్క్‌స్టేషన్ల తయారీదార్లు ఆ పని అప్పట్లోనే చేశారు. ఏ స్క్రూ ఎక్కడిది, ఎంత పొడవు, ఏది ముందు విప్పాలి... బొమ్మలతో సహా వందల పేజీల సర్వీస్ మాన్యువల్ ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది. కుర్రాడు రైల్లోనే ఫోన్లోకి దించుకున్నాడు. వికారాబాద్ వచ్చేసరికి ఫ్యాను పేజీకి చేరాడు.

యాలాల్‌లో ఇలాంటి యంత్రాన్ని ఆర్నెల్లకోసారైనా విప్పాలి. పాలిషింగ్ యూనిట్ల పక్కన ఇల్లయితే మూడు నెలలకే. పని పెద్దదేం కాదు. ఆపేసి, చార్జర్ పీకి, బ్యాటరీ తీసి, మూత విప్పాలి. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని మెత్తటి పెయింటు బ్రష్షుతో దులపాలి. పట్టుకోకుండా గాలి కొడితే అది గిర్రున తిరిగి చెడిపోయే ప్రమాదముంది. అసలు దుమ్ము ఫ్యాను మీద కాదు, దాని ముందున్న రాగి రేకుల సందుల్లో ఉంటుంది. అక్కడ అట్టకట్టి, చిన్న కంబళి ముక్కలా ఊడి వస్తుంది. అది తీసేస్తే చాలు, ఫ్యాను రొద సగం తగ్గుతుంది. ఏడాది రెండేళ్లకోసారి ప్రాసెసర్ మీది ఎండిపోయిన పేస్టు తుడిచి, బియ్యపు గింజంత కొత్తది పెట్టాలి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం పచ్చడి విషయంలో చెల్లుతుందేమో కానీ ఇక్కడ కాదు. తేదీ, సమయం ప్రతిసారీ వెనక్కి పోతుంటే కంగారు వద్దు. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంది, అది అయిపోయిందంతే.

మొదటి ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో నడిమింటి బండల మీద పాత తువ్వాలు పరిచారు. మూత ఊడింది. తల్లి ఇడ్లీ పళ్లెం తెచ్చి పక్కన పెట్టింది... ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే బోర్డుకు బొక్క పడుతుందని మాన్యువల్‌లో రాసి ఉంది. తండ్రి కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూస్తున్నాడు.

"గీ రాగి గొట్టమేంది?"

"వేడి మోసుకపోయేది, నాయినా."

"మన బోరు పైపు లెక్క!"

అన్నీ బిగించాక కొడుకు దాన్ని బల్ల మీద పెట్టబోతే తండ్రి ఆపాడు. పెరట్లోకి వెళ్లి, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పాలిష్ బండ ముక్కలు రెండు తెచ్చాడు. లాప్‌టాప్ వెనక అంచు కింద అటొకటి, ఇటొకటి పెట్టాడు. అడుగున గాలి ఆడేందుకు వేలెడు సందు దొరికింది. స్విచ్చు నొక్కగానే ఫ్యాను ఒకసారి బుస్సుమని, మళ్లీ సద్దుమణిగింది. కొడుకు కాలేజీ వాళ్లిచ్చిన ఇంటి ప్లాను తెరిచాడు. తండ్రి తెర దగ్గరికి జరిగి, వంటిల్లు ఏ మూలకు పెట్టారో వెతుకుతున్నాడు.